అడగకముందే ఇచ్చే బాలమణి

శామీర్‌పేట చెరువు కట్ట దిగి కరీంనగర్ రోడ్డు ఎక్కే మలుపులో నీలం పరదా కట్టిన చేపల దుకాణం ఒకటి ఉంది. దుకాణమంటే గోడలు, తలుపులు ఏమీ లేవు. రెండు నీళ్ల తొట్లు, ఒక కాంటా, కత్తిపీట, దాని వెనక చిన్న పీట, ఆ పీట మీద బాలమణి. తెల్లారగానే ఆమె భర్త యాదయ్య తెప్ప మీద చెరువులోకి పోయి పట్టుకొచ్చిన చేపలు ఆ తొట్లలో తిరుగుతుంటాయి.

బాలమణి దగ్గర చేపలు కొనాలంటే నోరు తెరవాల్సిన పని లేదు. మనిషి బండి ఆపి హెల్మెట్ తీసేలోపే ఆమె చెయ్యి తొట్లో ఉంటుంది. ఎవరికి రవ్వ చేప కావాలో, ఎవరికి బొచ్చె చేప కావాలో, ఎవరింట్లో పళ్లు లేని పెద్దవాళ్లు ఉన్నారో, ఎవరికి తలకాయ పులుసంటే ప్రాణమో ఆమెకు మొఖం చూస్తేనే తెలుస్తుంది. తూంకుంట నుంచి వచ్చే వీరభద్రం సారు రిటైరైన లెక్కల పంతులు. ఏండ్ల నుంచి ప్రతి ఆదివారం వస్తాడు, సంచి చాపుతాడు, నిండిన సంచి పట్టుకొని పోతాడు.

“ఆ సారు గొంతు సన్నగుంటదో లావుగుంటదో నాకైతే ఇప్పటికీ తెల్వది” అని యాదయ్య నవ్వేవాడు.

ఒక ఆదివారం సారు సంచి చాపితే బాలమణి దాన్ని మడిచి వాపసు ఇచ్చింది. “ఇయ్యాల చేపలొద్దు సారూ. మీకు జలుబు జేసింది. ఇంటికి పోయి మిరియాల చారు తాగుండ్రి” అన్నది. సారు తల ఊపి వట్టి సంచితో వెళ్లిపోయాడు. పక్క కొట్టువాళ్లు, వచ్చిన గిరాకీని తిప్పి పంపించే మనిషిని ఎక్కడా చూడలేదన్నారు.

ఇంట్లో కూడా ఆమెది అదే పద్ధతి. కోడలు నవ్యశ్రీ నడుము మీద చెయ్యి వేసుకోకముందే బిందె ఆమె చంకలోంచి అత్త చంకలోకి మారేది. కొడుకు శివ ట్రాలీ ఆటో ఇంటి ముందు ఆగే తీరును బట్టి ఆ రోజు వాడికి అన్నం కావాలో, ముందు నిద్ర కావాలో చెప్పేది. దేవుడు కొందరికి గొంతు ఇస్తాడు, కొందరికి చేతిపని ఇస్తాడు. బాలమణికి ఎదుటివాళ్ల అవసరం కనిపెట్టే కండ్లు ఇచ్చాడు. ఆ కండ్లను ఆమె ఒక్కరోజు కూడా ఊరికే ఉంచలేదు.

అట్లాంటి ఇంట్లో పుట్టింది తృప్తి.

శివ, నవ్యశ్రీల బిడ్డ. మూడేండ్లు నిండవస్తున్నాయి. గుండ్రటి మొఖం, పుట్టెంటికలు ఇంకా తీయించని ఉంగరాల జుట్టు. ఉరుకుతుంది, ఎక్కుతుంది, దాక్కుంటుంది, నవ్వితే ఇల్లంతా నవ్వుతుంది. మాట మాత్రం లేదు. చూపుడువేలు కొద్దిగా ఎత్తితే మంచినీళ్లు, మెడ పక్కకు వాలిస్తే నిద్ర, కాలు నేలకు తన్నితే బయటికి పోదామని. ఈ భాషంతా బాలమణికి కంఠతా వచ్చు. వేలు పూర్తిగా లేవకముందే గ్లాసు వచ్చేది.

“దీని నాయినకు గూడ ఆలస్యంగనే వచ్చినయ్ మాటలు. ఇప్పుడు చూడు, ఫోన్ పట్టిండంటే ఇడుస్తడా?” అని వాడకట్టు ఆడవాళ్లు ఓదార్చేవాళ్లు.

వసకొమ్ము తేనెలో అరగదీసి నాకించారు. తృప్తి తేనె చప్పరించి వస ఉమ్మేసింది. చిలుక కొరికిన జామకాయ తినిపిస్తే మాటలొస్తాయని ఎవరో చెబితే యాదయ్య అలియాబాద్ దగ్గర ఒక తోటకు పోయాడు. అక్కడి వాచ్‌మన్ మొదట దొంగనుకున్నాడు. సంగతి విన్నాక తానూ కుర్చీ తెచ్చుకొని చెట్టు కింద కూర్చున్నాడు. ఇద్దరూ మధ్యాహ్నం దాకా తలలెత్తి చిలుకల కోసం చూశారు. చివరికి సగం కొరికిన కాయ ఒకటి రాలింది. వాచ్‌మన్ దాన్ని కడిగి, తన రుమాలులో చుట్టి ఇచ్చాడు.

“ఇది చిలుక కొరికిందేనా?” అని బాలమణి అడిగింది.

“ఉడుత గూడ కావచ్చు” అన్నాడు యాదయ్య, దాచడం తెలియని మనిషి.

తృప్తి ఆ కాయ తిని మర్నాటి నుంచి కిటికీ ఊచలెక్కడం మొదలుపెట్టింది. “ఉడుతదే” అని యాదయ్య తేల్చేశాడు.

నవ్యశ్రీ మాత్రం నవ్వలేకపోయింది. అంగన్‌వాడీలో పార్వతీదేవి టీచరు ఒకరోజు ఆమెను పక్కకు పిలిచింది. తృప్తి ఈడు పిల్లలు రెండు మూడు మాటలు కలిపి అడుగుతున్నారని, ఇంకా చూద్దామని కూర్చోవద్దని, ముందు చెవులు, తర్వాత మాటలు చూపించాలని మెల్లగా చెప్పింది. మేడ్చల్‌లో చిన్నపిల్లలను చూసే సర్కారు కేంద్రం ఎక్కడుందో, ఏ రోజు ఎవరుంటారో కూడా తెలుసుకొని పెట్టింది.

ఈ మాట విని బాలమణి కత్తిపీట మీది నుంచి తలెత్తలేదు. “నా మనుమరాలు మూగదా? అన్నీ తెలుస్తయ్ దానికి. నాకు అన్నీ చెప్తది.”

“నీకు చెప్తది అత్తమ్మా” అన్నది నవ్యశ్రీ. “నాకు గూడ సగమే తెలుస్తది.”

మంగళవారం అత్తాకోడళ్లు, తృప్తి ముగ్గురూ బస్సెక్కారు. కిటికీ పక్కన కూర్చున్న కాలేజీ పిల్ల లేచి సీటిచ్చింది. ఆడవాళ్లకు పైసలు లేకుండా ఇచ్చే జీరో టికెట్ కొడుతున్న కండక్టరమ్మ మిషను మీద తృప్తి చెయ్యి పడితే కసురుకోలేదు. “నువ్వే కొట్టు తల్లీ” అని దాని వేలు పట్టుకొని బటన్ నొక్కించింది. టికెట్ బయటికి వచ్చేసరికి తృప్తి కండ్లు గుండ్రమయ్యాయి. మేడ్చల్ దాకా ఆ కాగితం ముక్క విడవలేదు.

కేంద్రంలో ముందు చెవుల పరీక్ష. పిల్ల నిద్రపోతేనే తీగలు పెట్టి చూస్తామన్నారు. కొత్త చోట తృప్తి నిద్రపోతుందా? బాలమణి దాన్ని ఒళ్లో వేసుకొని వరండాలో జో కొట్టసాగింది. ఊడ్చే మనిషి చీపురు పక్కన పెట్టేసింది. ఫోన్లో గట్టిగా మాట్లాడుకుంటూ వచ్చిన ఒకాయనను చూసి నోటి మీద వేలు పెట్టింది. ఆయన చెప్పులు విప్పి చేతిలో పట్టుకొని నడిచాడు. అట్లా ముక్కూమొఖం తెలియనివాళ్లు అంతమంది కలిసి ఒక పిల్లను నిద్రపుచ్చారు. అందులో ఎవరి పేరూ బాలమణికి తెలియదు. ఇప్పటికీ దీపం పెట్టినప్పుడు “ఆళ్లు సల్లగుండాలె” అనుకుంటుంది.

చెవులు బాగున్నాయి. పక్క గదిలో మాటల శిక్షణ ఇచ్చే మాధవీలత మేడం ఉంది. పెద్ద వయసేమీ కాదు. కుర్చీలో కూర్చోకుండా నేల మీద చాప వేసుకొని తృప్తికి ఎదురుగా కూర్చుంది. సబ్బునీళ్ల డబ్బా తీసి బుడగలు ఊదింది. తృప్తి ఎగిరెగిరి పగలగొట్టింది. మేడం డబ్బాకు మూత బిగించి చేతిలో పట్టుకొని ఊరికే కూర్చుంది.

తృప్తి డబ్బా వంక చూసింది. తర్వాత అవ్వ వంక చూసింది.

“మళ్ల ఊదుమంటాంది మేడం” అని బాలమణి డబ్బా అందుకొని మూత తీసి ఇచ్చింది.

మేడం నవ్వి మళ్లీ ఊదింది, మళ్లీ మూత బిగించింది. తృప్తి మళ్లీ అవ్వ వంక చూసింది. బాలమణి చెయ్యి మళ్లీ లేచింది. ఈసారి మేడం ఆ చేతిని మెల్లగా పట్టుకొని తన చేతిలోనే ఉంచుకుంది.

“అది ఊదమంటుందని మీకెట్లా తెలిసిందమ్మా?”

“కండ్లల్ల కనవడతలేదా?”

“నాకూ కనబడుతుంది. దానికి మాటలు ఎందుకు ఆలస్యమయ్యాయో ఒక్కోసారి మాకూ తెలియదు. మీ వల్ల అయిందని మాత్రం అనుకోవద్దు. కానీ కండ్లతో పని అయిపోతుంటే అది నోటిని ఎందుకు కష్టపెడుతుంది? అడగడానికి దానికి కొంచెం జాగా ఇవ్వాలి.”

ఏం చేయాలో కూడా చెప్పింది. ఏడిపించొద్దు, ఆకలి మీద ఉంచొద్దు. ఏదైనా కావాలన్నప్పుడు తెలియనట్టు కొంచెం ఆగాలి. మొఖంలోకి చూడాలి. రాకపోతే ఆ మాట మనమే తేటగా ఒకసారి అని, మళ్లీ కొంచెం ఆగి, ఇచ్చెయ్యాలి. రోజంతా చుట్టూ మాటలు వినపడాలి, ఫోన్లోవి కాదు, మనుషులవి. వారానికోసారి తీసుకురావాలి.

తిరుగు బస్సులో బాలమణి తన రెండు చేతుల వంకే చూసుకుంటూ కూర్చుంది. తన చేపల పులుసులో ఉప్పెక్కువైందని అన్నా ఆమె ఓర్చుకునేది. పెట్టే చెయ్యిని ఆపమంటే ఎట్లా?

ఇంట్లో కొత్త పద్ధతి మొదలైంది. గ్లాసు అరుగు మీద ఉంటుంది, తృప్తి వేలెత్తుతుంది, నవ్యశ్రీ ఎదురుగా గొంతుక్కూర్చుంటుంది. “ఏం గావాలె తల్లీ? నీళ్లా? నీళ్లు.” తృప్తి పెదవులు బిగించి అవ్వ కోసం వెతుకుతుంది. అవ్వ మాత్రం ఇట్లాంటప్పుడు గోడ వైపు తిరిగి లేని పని పెట్టుకుంటుంది. అంతవరకూ బాగానే ఉంది.

కానీ నవ్యశ్రీ మూల తిరగగానే బాలమణి కొంగు ముడిలోంచి మురుకులు వచ్చేవి. దుకాణంలో తృప్తి కాలు నేలకు తన్నకముందే చంకకెక్కేది. అన్నం తినేటప్పుడు ముల్లు తీసిన చేపముక్క, నోరు ఇటు తిరగకముందే నోట్లో ఉండేది.

“మేడం ఆగుమన్నది గదనే” అన్నాడు యాదయ్య.

“ఆగినా గదా.”

“ఎప్పుడు?”

“ఇప్పుడే. నువ్వు జూడలే.”

కొన్ని వారాలు అట్లాగే గడిచాయి. మేడ్చల్ పోయిన ప్రతిసారీ మాధవీలత దగ్గర తృప్తి పెదవులు కదిలేవి, ఏవో చప్పుళ్లు వచ్చేవి. ఇంటికి రాగానే అన్నీ ఆగిపోయేవి. ఒక సాయంత్రం దుకాణం పరదా వెనక బాలమణి పిల్లకు బిస్కెట్ ముక్క అందిస్తుంటే నవ్యశ్రీ చూసింది. కోపం చేసుకుంటుందని బాలమణి అనుకుంది. అదే అయితే బాగుండేది. నవ్యశ్రీ వచ్చి అత్త పీట పక్కన నేల మీద కూర్చుంది.

“అత్తమ్మా, నువ్వున్నన్ని దినాలు దాని కండ్లు జూసి ఇస్తవు. నేను గూడ నేర్చుకుంట. రేపు బడికి పోతది. ఆడ కడుపునొస్తే ఎవలకు జెప్పాలె? ఎవలన్న కొడితే ఎట్ల జెప్పాలె? అందరికి నీ కండ్లు ఉంటయా?”

బాలమణి చేతిలో మిగిలిన బిస్కెట్ ముక్కను ఏం చేయాలో తెలియక తానే తిన్నది.

మర్నాడు శుక్రవారం. చెరువు కట్ట మీది కట్ట మైసమ్మ గుడి దగ్గర దీపం పెట్టడం బాలమణికి అలవాటు. ఆ రోజు తలంటు పోసుకొని, పసుపు కుంకుమ పట్టుకొని పోయింది. యాదయ్య కొబ్బరికాయ పట్టుకొని వెనక నడిచాడు. దీపం వెలిగించి, చేతులు జోడించి, బాలమణి గట్టిగానే మొక్కింది.

“తల్లీ మైసమ్మా, నా బిడ్డకు నోరియ్యి. నా చేతులకు జరంత ఓపికియ్యి. ఇవి నా మాట ఇంటలేవు.”

యాదయ్యకు ఎక్కడున్నా ఎకసెక్కం ఆగదు. “గంత గట్టిగెందుకే? నీ మనసుల ఏమున్నదో అమ్మకు తెల్వదా? నీ అసుంటి దానికే అందరి మొఖాలు జూస్తే తెలుస్తయంటివి, అమ్మకు నీ మొఖం జూస్తే తెల్వదా?”

“తెల్వకెట్లుంటది? అన్ని తెలుసు అమ్మకు.”

“మరి?”

బాలమణి దీపం వంక చూసింది. అమ్మ మొఖం వంక చూసింది. ఏండ్ల నుంచి ప్రతి శుక్రవారం ఇక్కడ నిలబడి వానల కోసం, చేపల కోసం, కొడుకు కోసం, కోడలి కాన్పు కోసం పేరు పేరునా అడిగింది. అమ్మకు ముందే తెలుసు. తెలిసీ వింటుంది. అడిగేదాకా ఆగుతుంది. ఆ ఆగడంలో ప్రేమ తక్కువుందని బాలమణికి ఒక్కనాడూ అనిపించలేదు.

“కాయ కొట్టయ్యా” అన్నది యాదయ్యతో, కొంగుతో కండ్లు ఒత్తుకుంటూ. “కొట్టి జల్దీ నడువు. దుకాణం తియ్యాలె.”

ఆ రోజు దుకాణానికి మొదట వచ్చింది పాలు పోసే మనిషి. బండి ఆపి నిలబడ్డాడు. బాలమణి చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. తృప్తి పక్కనే బోర్లించిన బుట్ట మీద కూర్చుంది.

“ఏం గావాలె తమ్మీ?”

అతను వెనక్కు తిరిగి చూశాడు, తనను కాదేమోనని. “నాకేం గావాల్నో నీకు తెల్వదా అక్కా?”

“నాకు తెలుసు. నా మనుమరాలు ఇనాలె. నోరు తెరిచి అడుగు.”

“రవ్వ” అన్నాడు అతను, సిగ్గుపడుతూ.

“గట్టిగ.”

“రవ్వ. ఒక్క కిలో. ముక్కలు కొట్టు.”

ఆ సంగతి సాయంత్రానికల్లా రోడ్డు పొడవునా పాకింది. వచ్చినవాళ్లంతా తృప్తి వైపు తిరిగి మరీ అడగసాగారు. ఒకామె చెయ్యి తిప్పుతూ చేపలు ఎట్లా ఈదుతాయో చూపించి “బొచ్చె” అన్నది. టీ కొట్టాయన చాయ్ తెచ్చి, “చాయ్ తెచ్చిన. చాయ్ వేడిగున్నది. ఊదుకొని తాగాలె” అని మూడు మాటల పని ముప్పై మాటల్లో చేసి పోయాడు. ఆదివారం వీరభద్రం సారు వచ్చి సంచి చాపాడు.

“చెప్పాలె సారూ.”

సారు చుట్టూ చూశాడు. సంగతి అర్థమైంది. తృప్తి ముందు వంగి, పాఠం చెప్పినట్టు, “చేప కావాలి. పెద్ద చేప. తల వద్దు, తోక వద్దు, మధ్య ముక్కలు కావాలి” అన్నాడు. పెద్ద గంభీరమైన గొంతు. క్లాసులో చివరి బెంచీ దాకా వినిపించే గొంతు.

యాదయ్య తెప్ప కర్ర కింద పెట్టాడు. “లావు గొంతే” అన్నాడు.

“ఏండ్ల సంది తల ఏస్తున్న గదా సారూ” అన్నది బాలమణి, మొఖం చిన్నబోయి. “తల వద్దా మీకు?”

“మొదటి నుంచీ ఇష్టం లేదమ్మా. మీరు ప్రేమగా వేస్తున్నారు కదా అని.”

ఈ మాట బాలమణిని చాలాసేపు వదల్లేదు. తనకు అన్నీ తెలుసనుకుంది. కొసరు తలకాయ కూడా వేసి సంతోషపడింది. అడిగి ఉంటే ఆ మనిషి ఎప్పుడో చెప్పేవాడు. కత్తిపీట కడుగుతూ అదే తలచుకొని, కాసేపటికి తనలో తనే నవ్వుకుంది.

ఇక ఆమె కొంగు ముడిలో మురుకులు లేవు. చేతులు లేవబోతే రెండింటినీ మోకాళ్ల కింద పెట్టుకొని కూర్చునేది. తృప్తి మొదట బుంగమూతి పెట్టింది, తర్వాత అలిగింది, ఒకరోజు బుట్ట తన్నేసింది. బాలమణి ఆ మాటేదో అనేది, ఆగేది, ఇచ్చేది. అన్నం మాత్రం ఆలస్యం చేయలేదు. మేడం చెప్పిన దానికి ఒక్కటి తనదిగా కలిపింది. ఇచ్చిన ప్రతిసారీ తల నిమిరేది.

చలి తగ్గి ఎండ ముదురుతున్న రోజుల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం, యాదయ్య పెద్ద కొర్రమీను తెచ్చి తొట్లో వేశాడు. తొట్టి అంచు తృప్తి కంటే ఎత్తు. లోపల నీళ్లు దబదబా కొట్టుకుంటున్న చప్పుడు వినబడుతుంది కానీ ఏమీ కనబడదు. మునివేళ్ల మీద లేచింది. అందలేదు. వచ్చి అవ్వ మోకాలు పట్టుకొని గుంజింది.

ఎదురుగా నలుగురైదుగురు గిరాకీలున్నారు. సగం తూచిన చేప కాంటాలో ఉంది. అందరూ చూస్తున్నారు, ఎవరూ తొందర పెట్టడం లేదు.

“ఏం గావాలె బిడ్డా?”

తృప్తి తొట్టి వైపు చూసింది, అవ్వ వైపు చూసింది. రెండు చేతులూ పైకెత్తింది. బాలమణికి ఆ చేతుల అర్థం తెలియదా? ఆమె భుజాలు ముందుకు కదిలాయి. చేతులను మాత్రం మోకాళ్ల కింద నొక్కి పెట్టింది.

“ఎత్తుకోవాల్నా? ఎత్తు. ఎత్తు అంటవా?”

లోపల కొర్రమీను మళ్లీ కొట్టుకుంది. నీళ్లు పైకి చిమ్మి తృప్తి జుట్టు మీద పడ్డాయి. పిల్ల పెదవులు బిగుసుకున్నాయి, వదులయ్యాయి. మొఖం ఎర్రబడింది. ఏడుస్తుందేమో అనుకున్నారు అందరూ.

“ఎత్” అన్నది తృప్తి.

సగం మాటే. చివర గాలి మిగిలింది. బాలమణి ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు, పిల్ల మాత్రం ఆమె చంకలో ఉంది, తొట్టి మీదికి వంగి కొర్రమీనును చూస్తోంది. కాంటాలో చేప జారి కింద పడింది. దాన్ని కొనడానికి వచ్చినాయనే వంగి తీసి, కడిగి మళ్లీ కాంటాలో పెట్టాడు. నవ్యశ్రీ ఇంటి నుంచి అన్నం డబ్బా తెస్తూ దూరం నుంచే అందరి మొఖాలూ చూసి ఉరికి వచ్చింది. ఆమెకు చెప్పాలని అందరూ ఒక్కసారే మాట్లాడారు కాబట్టి ఆమెకు ఏమీ అర్థం కాలేదు. తృప్తే చెప్పింది. అమ్మను చూసి చేతులు చాపి, “ఎత్” అన్నది మళ్లీ.

మాధవీలత మేడానికి ఫోన్ చేస్తే ఆమె కూడా సంతోషపడింది. ఇంకా చాలా దూరం పోవాలని, వారం వారం రావడం మానొద్దని చెప్పింది. మానరు. కండక్టరమ్మ ఇప్పటికీ వాళ్ల కోసం బటన్ ఆపి పెడుతుంది.

ఆ రోజు మాత్రం సాయంత్రం దాకా తృప్తి ఆ ఒక్క మాటనే వాడింది. తొట్టి చూడాలన్నా ఎత్, పరదా ముట్టుకోవాలన్నా ఎత్, రోడ్డు మీద లారీ పోయినా ఎత్. నోరు తెరిచి అడిగితే కాదనకూడదని బాలమణి తనకు తానే పెట్టుకున్న నియమం. పిల్ల బరువేమో కొర్రమీను బరువు కాదు. దుకాణం కట్టేసే వేళకు ఆమె నడుము ఒక పక్కకు వంగింది.

యాదయ్య తొట్లు వంచి నీళ్లు పారబోస్తూ అన్నాడు, “ఇగ దించరాదే. పొద్దటి సంది మోస్తున్నవ్.”

బాలమణి చంక మార్చుకుంది. తృప్తి హాయిగా ఆమె భుజం మీద గడ్డం ఆనించింది.

“దించుమని గూడ అదే చెప్పాలె” అన్నది బాలమణి.